అద్దంలో తన మొహం చూసుకోని మనిషి

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత రెండో ఏడు.

క్షురకుడి బుగ్గలో పుండు లేచింది. కేన్సరన్నారు. కోసి తీసేశారు. నెలనెలా వచ్చి చూపించుకోమన్నారు డాక్టరు.

కుట్లు మానాయి. అన్నం సయిస్తోంది. మానిన పుండును గెలకడం దేనికన్నాడు భార్యతో. ఆస్పత్రి నుంచి వచ్చిన ఉత్తరాలు విప్పకుండానే పెట్టె అడుగున దోపాడు.

మచ్చ కనబడకుండా గడ్డం పెంచాడు.

"మా గడ్డాలు గీకి నువ్వు పెంచుకుంటున్నావేంట్రా?" అని నవ్వారు సెలూన్‌కి వచ్చేవాళ్ళు. అతనూ నవ్వేశాడు. జబ్బు సంగతి తెలిస్తే ఒక్కడూ తన కత్తికి మెడ ఇవ్వడని లోపల భయం.

ఆ రోజుల్లోనే ఒక పెద్దాయన రావడం మొదలుపెట్టాడు. వంగిపోయిన మెడ, సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు.

కుర్చీలో కూర్చున్నవాడెవడైనా అద్దంలో తన మొహం చూసుకుంటాడు. ఈయన క్షురకుడి దవడ చూసేవాడు.

"ఆ గడ్డం తీసెయ్యి అబ్బాయ్."

"నా గడ్డం నా ఇష్టం పెద్దాయనా."

"బుగ్గ చూపించుకుంటున్నావా?"

ఎవరైనా విన్నారేమోనని, ఎదురుచూసేవాళ్ళ బల్ల వైపు చూశాడు క్షురకుడు. వార్డులో ఎక్కడో చూసుంటాడనుకున్నాడు. మొన్ననే వెళ్ళొచ్చానని అబద్ధమాడాడు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడాయన. గీయడానికి నాలుగు వెంట్రుకలు కూడా లేవు. చెవిలో జోరీగలా అదే మాట.

ఒకరోజు బల్ల నిండా జనం ఉన్నారు.

"ఇవాళ నాతో రా అబ్బాయ్. ఆస్పత్రికి నేనే తీసుకెళ్తాను."

బల్ల మీదివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు లేచి, మళ్ళీ వస్తానని జారుకున్నాడు.

పెద్దాయన సగం గీసిన మెడ మీంచే తువ్వాలు లాగేశాడు క్షురకుడు.

"నా నోటి దగ్గర కూడు పడగొట్టమని ఎవరు పంపారయ్యా నిన్ను? మళ్ళీ ఈ గుమ్మమెక్కితే మర్యాద దక్కదు."

పెద్దాయన చొక్కా చేత్తో నురగ తుడుచుకుని దిగిపోయాడు. మరి రాలేదు.

పీడ విరగడైందనుకున్నాడు క్షురకుడు.

ఆరు నెలలకి దవడ కింద కణితి చేతికి తగిలింది.

ఇక కోయడానికి లేదన్నారు డాక్టరు. నొప్పికి బిళ్ళలు రాశారు. నాలుగు నెలల ముందొచ్చినా, అంటూ మధ్యలో ఆగిపోయారు. చెప్పేవాళ్ళెవరూ లేకపోయారా అని అడిగారు.

"ఒకాయన చెప్పాడండీ. నేనే వెళ్ళగొట్టాను."

ఆనవాళ్ళు చెప్పాడు. కింది అంతస్తులో చివరి గదిలో అడగమన్నారు డాక్టరు. ఆ పూట అతను ఇంటికే వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, సెలూన్ తలుపు తియ్యకుండా ఆ గదికి వెళ్ళాడు. గాజుపలకల మీదికి వంగి పనిచేస్తున్న అమ్మాయి తలెత్తింది. తన పేరు చెప్పి, పెద్దాయన గురించి అడిగాడు. ఆయన పోయి మూడు నెలలైందని చెప్పింది.

"ఆయనకి నేనెలా తెలుసమ్మా?"

"కోసి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపులో చూసేది ఆయనేనండీ, మీ ముక్క అంచున జబ్బు ఇంకా మిగిలుందని రాసి, మీరు రావట్లేదని తెలిసి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక మనిషిని వెతుక్కుంటూ వెళ్ళారు."