బతికున్నవాళ్ల పెట్టె

మా ఊరి కోటగోడ పక్కనున్న పాత చర్చిలో కొవ్వొత్తులు గుచ్చడానికి రెండు ఇసుక పెట్టెలుంటాయి. బతికున్నవాళ్లకు ఒకటి, పోయినవాళ్లకు ఒకటి. ఈ ఆదివారం మా ఆవిడ స్మరాండ నా కళ్లముందే, నా పేరు చెప్పి మరీ, పోయినవాళ్ల పెట్టెలో కొవ్వొత్తి గుచ్చింది.

“నేనింకా చావలేదే!” అని అరిచాను. ఆరువందల ఏళ్లుగా గోడ మీద బొమ్మలుగా ఉన్న పునీతులందరూ నాకేసి తిరిగినట్టనిపించింది.

“గట్టిగా అరవకయ్యా, చావుకి వినపడుతుంది,” అంది. “అది వారం వారం వచ్చి ఈ పెట్టెలు చూసుకుంటుంది. నువ్వు ఇందులో కనిపిస్తే, వీడి పని ఎప్పుడో అయిపోయిందనుకుని వెళ్లిపోతుంది. గుండెపోటు వచ్చాక కూడా గుండ్రాయిలా తిరుగుతున్నావు. ఎవరి చలవనుకున్నావు?”

పీకబోయిన కొవ్వొత్తిని నేనే మళ్లీ లోతుగా గుచ్చాను.

“మరి బతికున్నవాళ్ల పెట్టెలో వెలుగుతున్నది నీదా?”

“నాదెందుకు? మన ఇలారియోన్‌ది.”

మా అబ్బాయిని రెండేళ్ల కిందట ఈ చర్చి వెనకే పూడ్చిపెట్టాం. ఆ తర్వాత నేనీ గడప తొక్కింది ఇవాళే.

ఎవరో తలుపు తీశారు. గాలి కొట్టింది.

చేతిలో ఉన్న టోపీ తీసుకెళ్లి వాడి కొవ్వొత్తికి అడ్డం పెట్టాను.