రమాకుమారి గారి ముక్కు

రమాకుమారి గారి ముక్కుతో ఒకే ఇంట్లో కాపురం చేయడం మాటలు కాదు. కలకత్తా భవానీపూర్‌లో రెండో అంతస్తులో కూర్చుని, కింది వాటాలో ఉల్లిపాయ తరిగితే చెప్పేస్తారు. ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానివ్వని మనిషి.

పోయిన చలికాలం ఆ ముక్కు జలుబుతో మూసుకుపోయింది. అదే అదనని కోడలు సుజన ఆవనూనెలో ఇలిశ చేప ముక్కలు వేయించింది. బ్యాంకు స్నేహితుల దగ్గర చేప రుచి మరిగిన మొగుడు ప్రసన్నకుమార్ కోసం.

జలుబు తగ్గింది. సుజన గుండె చిక్కబట్టుకుని మళ్ళీ వేయించింది. అత్తగారు జపమాలతో వచ్చి, గాలి ఆడుతుందని వంటింటి గుమ్మం పక్కకి కుర్చీ జరుపుకున్నారు.

"వాసనేమైనా వస్తోందా అత్తయ్యా?"

"ఏం వాసన? జలుబు చేసినప్పటి నుంచి నాకేం తెలిసి చస్తోందని!"

ప్రసన్నకుమార్‌కి ప్రతి ఆదివారం పండగే. సుజనకే ముద్ద దిగలేదు. అంతటి ముక్కు! చివరికి ఆవిడని ముక్కు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

"నాకేం రోగమే? పద ఇంటికి" అని దారంతా సణిగారావిడ.

డాక్టరు కాఫీపొడి సీసా ముక్కు దగ్గర పెట్టాడు. "ఇదేం వాసన, మాషీమా?" అన్నాడు, బెంగాలీల మర్యాదతో పిన్నిగారని పిలుస్తూ.

ఆవిడ కోడలి వైపోసారి చూశారు. "ఏమీ లేదు నాయనా."

ఆయన సన్నని గొట్టం పెట్టి చూశాడు. కుడిపక్క ఎర్రటి గడ్డ. ముక్క తీసి పరీక్షకి పంపితే, ప్లాస్మా కణాల కణితి, ఒక రకం క్యాన్సరు అని తేలింది. ముక్కులో రావడం చాలా అరుదట. ఎముక మజ్జ పరీక్షించారు, స్కానింగులు తీశారు. అదృష్టం, ఇంకెక్కడా లేదు.

"వాసన పోయిందని వెంటనే తెచ్చావు. అదే మేలయిందమ్మా" అన్నాడు సుజనతో.

రేడియేషన్ పూర్తయింది. గడ్డ కరిగింది. "ఇక వాసనలన్నీ మెల్లగా తిరిగొస్తాయి" అని డాక్టరు మురిసిపోయాడు.

సుజన ఆ సాయంత్రమే చేపల మూకుడు చింతపండు పెట్టి తోమి అటకెక్కించింది. ప్రసన్నకుమార్ పప్పన్నం కలుపుకుంటూ నిట్టూర్చాడు.

విచిత్రం, అత్తగారూ సరిగ్గా తినడం మానేశారు. ఆదివారమైతే మరీను. గుమ్మం పక్కన కూర్చుని, కాసేపటికి మొహం వేలాడేసుకుని లేచిపోతారు. మళ్ళీ గడ్డేమోనని సుజన కంగారు పడింది.

"రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం అత్తయ్యా."

రమాకుమారి గారు జపమాల పక్కన పెట్టారు.

"తప్పు నాదేనే అమ్మాయ్, ఆ జలుబు తగ్గాక నాకు వాసన తెలియని రోజే లేదు, తెలుస్తోందంటే ఆ ఇలిశ వేయించడం మానేస్తావని అబద్ధమాడాను."