నిండు బస్సు

ఇస్త్రీ చీరావిడ మైకు అందుకోగానే వదినకు ఒళ్ళు మండిపోయింది.

వదిన ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. తోటి పనివాళ్ళలో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. ఉండేది కింద ఊళ్ళో, ఉద్యోగం పై ఊళ్ళో. రెండింటికీ మధ్య కొండ రోడ్డు మీద పొద్దస్తమానం పైకీ కిందికీ తిరిగేది ఒకే ఒక్క బస్సు. అందులో కాలు మోపడానికి చోటు దొరికితే ఆ రోజు అదృష్టం బాగున్నట్టే.

కూతురు నిద్ర లేవకముందే బయల్దేరుతుంది. కూతురు నిద్రపోయాక ఇల్లు చేరుతుంది. మొన్న ఆ పిల్ల బళ్ళో ఇంటి బొమ్మ గీసి తెచ్చింది. అందులో నాన్న ఉన్నాడు, నాయనమ్మ ఉంది, పక్కింటి కుక్క కూడా ఉంది. అమ్మ ఏదే అని వాళ్ళ నాన్న అడిగితే, బస్సులో ఉంది కదా అందట.

అందుకే వదిన ఆ రోజు సెలవు పెట్టి సభకు వచ్చింది. రెండు ఊళ్ళ మునిసిపాలిటీలూ కలిసి పై ఊళ్ళో పెట్టిన సభ అది. ఆసుపత్రి వెనక ఖాళీ స్థలంలో పనివాళ్ళకు ఇళ్ళు కట్టాలా వద్దా అని జనాన్ని అడుగుతారట. కడితే వదినకూ ఒకటి వస్తుంది. మధ్యాహ్నం ఇంటికి పోయి పిల్లకు అన్నం పెట్టి రావచ్చు.

ముందుగా రవాణా ఇంజనీరు లేచి గోడ మీది పటం చూపించాడు. పనికి దగ్గర్లోనే ఇళ్ళిస్తే కొండ రోడ్డు మీద జనం తగ్గుతారనీ, రెండు మునిసిపాలిటీలూ చెరిసగం భరించే బస్సు ఖర్చు మిగిలిపోతుందనీ వివరించాడు. నిండినన్నాళ్ళే బస్సు నడపాలన్నది రెండు ఊళ్ళ ఒప్పందమట. నిండకపోతే ఆపేస్తారట. వెనక వరసల్లో చప్పట్లు మోగాయి. ఆ దిక్కుమాలిన బస్సు పీడ విరగడైతే అంతకన్నా ఏం కావాలని వదిన అరచేతులు మండేలా కొట్టింది.

సరిగ్గా అప్పుడు లేచింది ఇస్త్రీ చీరావిడ.

కిందటి సభలోనూ ఈవిడే అడ్డం పడింది. అప్పుడూ మొదటి వరసే, పై ఊరి పెద్దమనుషుల పక్క కుర్చీయే. గంజి పెట్టిన చీర, మడత నలగదు. ఇంట్లో ఇస్త్రీకి ఒకరు, వంటకు ఒకరు ఉంటారని వదిన అప్పుడే తేల్చేసుకుంది.

“ఆ ఇళ్ళు వద్దు,” అందావిడ. “ఇన్నాళ్ళూ వచ్చి పోతూనే ఉన్నారు కదా. అలాగే రానివ్వండి.”

పై ఊరి ఛైర్మన్ ముఖం వెలిగిపోయింది. ఇళ్ళు వద్దనే మాట తన నోట రాకుండా ఎవరైనా అంటే బాగుండునని కాచుకుని కూర్చున్నవాడు మరి. కింద ఊరి ఛైర్మన్ తమ ఊళ్ళో ఇక చోటు లేదని ఏదో గొణిగాడు. ఆయన గొంతు ఆయనకే వినపడలేదు.

వదిన లేచింది. మైకు ఎవరూ ఇవ్వలేదు. మిషన్ల రొదలో అరిచి అరిచి అలవాటైన గొంతుకు మైకుతో పనేముంది?

“మీ మురికి దుప్పట్లు ఉతకడానికి మేం కావాలి గానీ మీ పక్కన ఉండడానికి పనికిరామా? మేమిక్కడుంటే మీకొచ్చే కష్టమేంటో చెప్పండి.”

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

“ఉందమ్మా,” అని మాత్రం అని కూర్చుంది.

అంతే. అభ్యంతరం వచ్చింది కాబట్టి ఇళ్ళ సంగతి వాయిదా వేస్తున్నామన్నాడు పై ఊరి ఛైర్మన్. ఎప్పటికని ఎవరో అడిగారు. అప్పటికే పటం చుట్టేశారు, టీలు వచ్చేశాయి.

వదినకు కోపంతో కళ్ళ నీళ్ళు తిరిగాయి. గబగబా బయటికి వచ్చి చూస్తే ఆవిడ లేదు. కారెక్కి పోయి ఉంటుంది మహాతల్లి.

సెలవు కాబట్టి రోజూ వెళ్ళే చివరి ట్రిప్పు దాకా ఆగక్కర్లేదు. సాయంత్రం ట్రిప్పే ఎక్కింది. అదీ ఉదయం షిఫ్టు వాళ్ళతో కిక్కిరిసి ఉంది. మెట్టు మీద వేలాడుతూనే పక్కవాళ్ళకు సభ సంగతంతా చెప్పింది. ఆవిడ ఈసారి కంటపడితే ఆ ఇస్త్రీ నలిగిపోయేదాకా వదలనంది.

ఆసుపత్రి గేటు దగ్గర బస్సు ఆగింది. గేటు పక్క బల్ల మీంచి ఒక ముసలాయన మెల్లగా లేచాడు. పాలిపోయిన ముఖం, చేతికి దూది పెట్టి వేసిన పట్టీ. కిడ్నీ వార్డులో రక్తం శుద్ధి చేయించుకుని వస్తున్నాడని వదినకు చూడగానే తెలిసింది. ఆ వార్డు దుప్పట్లు ఉతికేది తనే. కోపాన్ని కాసేపు పక్కన పెట్టి చెయ్యి అందించింది. ఆయన చెయ్యి మంచులా ఉంది.

“జాగ్రత్త తాతా,” అన్నాడు కండక్టరు, ఒకతన్ని లేపి సీటిప్పిస్తూ. “ఎల్లుండి మళ్ళీ రావాలిగా. చివరి స్టాపు దాకా పడుకోండి, నేను లేపుతాను.”

ఆయన్ని వెనకనుంచి పట్టుకుని ఎక్కిస్తున్న మనిషిని వదిన అప్పుడు చూసింది. అదే ఇస్త్రీ చీర. దగ్గర్నుంచి చూస్తే ప్రతి మడత దగ్గరా చిరుగు, ప్రతి చిరుగు మీదా సన్నటి కుట్టు.

ఆవిడ తల దించుకుంది. వదిన నిలదీయబోయింది.

ముసలాయన సీట్లో కూలబడి, ఊపిరి తీసుకుని, బస్సు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కలయజూసి, భార్య వైపు తిరిగి నవ్వాడు: “హమ్మయ్య, ఇవాళ కూడా బస్సు నిండిందే, ఇంకొన్నాళ్ళు బతికేస్తాను.”