పోశవ్వ బొమ్మకు దండ

ముఖ్య అతిథి వేదిక మీద సరస్వతీదేవి పటానికి దండ వేశారు. చూస్తే పళ్ళెంలో ఇంకో దండ మిగిలింది. అది ఆయన మెడలో వేయడానికి తెచ్చిందని ఆయనకు తెలియదు. పక్క కుర్చీలో ఫ్రేము కట్టిన ముసలామె బొమ్మ కనిపించింది. రెండో దండ దానికి వేసి, కళ్ళు మూసుకుని దండం పెట్టారు.

వేదిక కింద నిలబడ్డ ప్రవళిక నోరు నొక్కుకుంది. ఎందుకంటే ఆ బొమ్మలో ఉన్నది వాళ్ళ నాయనమ్మ పోశవ్వ. ఆమె నిక్షేపంగా బతికే ఉంది. అంతేకాదు, ఈపాటికి లక్సెట్టిపేట బస్టాండులో దిగి, ఈ ఫంక్షన్ హాలుకే నడిచి వస్తూ ఉంటుంది.

నిజానికి ముఖ్య అతిథిని అనడానికేమీ లేదు. పిల్లల చిత్రలేఖనం పోటీకి 'నా స్ఫూర్తి' అనే అంశం ఇచ్చారు. తొమ్మిదో తరగతి ప్రవళిక, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే నాయనమ్మను గీసింది. ఫస్టు ప్రైజు వచ్చింది. అందరికీ కనబడాలని డ్రాయింగ్ సారు భానుప్రసాద్ ఆ బొమ్మను తెచ్చి దీపం కుందె పక్కన పెట్టారు. దీపం పక్కన, ఫ్రేములో, నుదుట బొట్టుతో ముసలామె కనిపిస్తే మన వైపు ఎవరైనా ఏమనుకుంటారు?

పోశవ్వ అసలు బొమ్మకే ఒప్పుకోలేదు. ఫోటో పెద్దగా కట్టించుకున్నవాళ్ళు నెల తిరక్కుండా దండ వేయించుకున్నారని ఆమె లెక్కలు ఆమెకున్నాయి. నాలుగు రోజులు బతిమాలించుకుని, చివరికి ఒకే షరతు మీద కూర్చుంది.

“గీసుకో. గని దానికి దండ పడ్డదని తెలిసిందనుకో, నీ రంగుల డబ్బ గోదారిల ఇసిరేస్త.”

పోశవ్వ అన్నదంటే చేస్తుంది. చెప్పిన మాట వినలేదని పోయినేడు మనవడు చింటూ క్రికెట్ బ్యాటును పొయ్యిలో పెట్టి, దాని మీదే పప్పు వండింది. వచ్చే నెల హైదరాబాదులో పెద్ద పోటీ ఉంది. ఆ రంగుల డబ్బా పోతే ప్రవళిక పోటీ కూడా గోదారి పాలే.

ప్రవళిక పరుగున పోయి భానుప్రసాద్ చొక్కా పట్టుకుంది.

“సార్, మా నాయినమ్మ బతికే ఉన్నది.”

సారు నెత్తి పట్టుకున్నారు. “ముందుగాల చెప్పద్దా?”

“మీరు అడుగలే సార్.”

దండ తీసేద్దామంటే పెద్దాయన స్వయంగా వేసింది. ఆయన ముందే తీస్తే ఆయన పరువేం కావాలి? ఆయన వెళ్ళేదాకా జర నోరు మూసుకొమ్మని సారు బతిమాలారు. ఈలోపు ముఖ్య అతిథి మైకు అందుకున్నారు. ఇలాంటి నాయనమ్మలు ఇక పుట్టరన్నారు. జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ తల్లి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు.

హాలంతా లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడే తలుపు కిర్రుమంది. కొత్త చీరలో, నూనె పెట్టి నున్నగా దువ్విన తలతో పోశవ్వ లోపలికొచ్చింది. అందరూ తలలు వంచుకుని ఉండడం చూసి, ఇక్కడ ఇదే పద్ధతి కాబోలనుకుని తనూ వంచుకుంది. మౌనం ముగిశాక, తలుపు దగ్గరున్న అటెండరు హనుమండ్లును ఎవరు పోయారని అడిగింది. అతను వేదిక మీది బొమ్మను చూపించాడు.

పోశవ్వ కళ్ళద్దాలు సర్దుకుని సరాసరి వేదికెక్కింది. ప్రవళిక పరుగెత్తి వెళ్ళి రెండు చేతులూ చాపి బొమ్మకు అడ్డంగా నిలబడింది. పోశవ్వ ఆమెను ఒక్క చేత్తో పక్కకు జరిపింది.

ముఖంలో ఒక్క ముడత వదలకుండా ప్రవళిక గీసింది. జడ్జీలు మెచ్చుకున్నదీ ఆ ముడతలనే. ఆకుపచ్చ రంగు అయిపోయి చీరకు నీలం వేయడం తప్ప వంక పెట్టడానికి లేదు. ప్రవళిక కళ్ళు మూసుకుంది. మనసులోనే రంగుల డబ్బాకు దండం పెట్టుకుంది.

పోశవ్వ బొమ్మను పైనుంచి కిందిదాకా చూసింది. పళ్ళెంలోంచి నాలుగు పూరేకులు తీసి చల్లింది.

“పాపం, ఎవలో గని మొఖమంత ముడుతలు పడేదాక కష్టం చేసింది ముసల్ది. గది సరే, నా బొమ్మ ఏది బిడ్డా?”

ప్రవళిక కళ్ళు తెరిచింది. పోశవ్వకు డెబ్బై రెండేళ్ళు. అరవై ఏళ్ళవాళ్ళను కూడా ముసలోళ్ళంటుంది. బీడీల చాట చూసి పోల్చుకుందామన్నా, ఊళ్ళో సగం మంది ఒళ్ళో అదే ఉంటుంది. బొట్టు పెట్టుకునే అరచేతంత అద్దంలో నుదురు తప్ప ముఖం మొత్తం చూసుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు. రంగుల డబ్బా దక్కినందుకు నవ్వాలో, ఫస్టు ప్రైజు బొమ్మను బొమ్మలోని మనిషే పోల్చుకోనందుకు ఏడవాలో ప్రవళికకు అర్థం కాలేదు. అటువైపు కుర్చీలో ఉన్న సెకండు ప్రైజు బొమ్మను చూపించింది. అది సృజన అనే అమ్మాయి గీసింది. నెత్తి మీద బతుకమ్మతో నవ్వుతూ నడిచి వస్తున్న వాళ్ళక్క. ఆ అక్కకు ఇరవై ఏళ్ళుంటాయేమో.

పోశవ్వ ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. కొంగు సర్దుకుంది. సంతోషంగా మనవరాలి తల నిమిరింది.

“ముక్కు జర లావైంది గని, మిగిలిందంత అచ్చం నేనే.”