ఏడేళ్ళూ నిండాయి

హాలం గారిని కనిపెట్టుకుని ఉండడం నా ఉద్యోగం. సముద్రం ఒడ్డున ఉన్న రెండిళ్ళూ ఆయన కూతురు రొవీనా పేర రాసిచ్చి ఇవాళ్టితో ఏడేళ్ళు. రాసిచ్చినవాళ్ళు ఆపైన ఏడేళ్ళు బతికితే చాలు, పోయాక ఆ ఇళ్ళమీద వారసత్వపు పన్ను ఉండదు. మా ఇంగ్లండు చట్టం అంతే.

రొవీనా కేకు తెచ్చింది. తండ్రికి ముద్దు పెట్టింది. వెళ్తూ గుమ్మంలో నాతో, "ఇక రాత్రుళ్ళు నువ్వు ఉండక్కర్లేదు. పొద్దున ఒకసారి చూసిపో, చాలు" అంది.

నాకు ఒళ్ళు మండింది. వచ్చి ఆయన మీద కక్కేశాను.

"మీరంతా పన్ను ఎగ్గొట్టబట్టే మా అమ్మ తుంటి ఆపరేషన్ కోసం సర్కారు ఆసుపత్రి క్యూలో పడుంది."

"ఎగ్గొట్టలేదు పిల్లా. అంతా చట్టప్రకారమే."

"అదేగా నా ఏడుపు!"

ఆయన కేకు ముట్టలేదు.

"పన్ను సంగతి నాకెందుకు? మా ఆవిడ పోయాక రొవీనా క్రిస్మస్‌కి కూడా వచ్చేది కాదు. ఏడేళ్ళపాటు నేను బతికుండాలని ఒక్కరైనా కోరుకుంటారు కదా అని రాసిచ్చాను."

బయట ఆమె కారు కదిలిన చప్పుడైంది.

"మీరుంటున్న ఈ ఇల్లింకా మీ పేరే ఉంది కదండీ, ఇదీ రాసిచ్చేయండి" అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది.

"ఇందాకే అడిగాను. ఇంకో ఏడేళ్ళంటే తనవల్ల కాదంది."