రద్దీ రుసుము

"ఆ చిన్న విమానం రద్దీ రుసుము కట్టలేదు సర్. తొమ్మిది దాకా పైన తిరగాల్సిందే," అంది గుమాస్తా.

"కట్టకపోతే పోయింది. ముందు దాన్ని దింపించు!" అన్నాడు రన్‌వే వేళలు పంచే అధికారి.

ఆమె కుర్చీ అతని వైపు తిప్పింది. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య దిగే ప్రతి విమానమూ ఒకే రుసుము కట్టాలని నిబంధన పెట్టింది ఈయనే. "నలుగురెక్కేదీ రన్‌వే మీద రెండు నిమిషాలే తింటుంది, నాలుగొందల మంది ఎక్కేదీ రెండు నిమిషాలే తింటుంది" అని ఊదరగొట్టి, మంత్రులు ఫోన్ చేసినా మెట్టు దిగని మనిషి.

"దీన్ని దింపితే వెనక పెద్దదాని వంతు పోతుంది సర్. వంతు తప్పితే వరుస చివరికే కదా. మూడొందల మంది ఉన్నారందులో."

"ఉండనీ!" అతను కుర్చీలోంచి లేచాడు. "మా అమ్మాయి ఆపరేషన్ బల్ల మీద ఉందమ్మా. కాలేయం విమానంలో వస్తోందట. ఇప్పుడే మా ఆవిడ ఫోన్ చేసింది, చిన్నదేనట. తొమ్మిది దాటితే లాభం లేదట."

"అయ్యో! ఒక్కసారి పైలట్‌ని అడుగుదామా సర్?"

"అడుగుతూ కూర్చుంటే ఉన్న వేళ కాస్తా పోతుంది. దింపించు!"

ఆమె టవర్‌కి ఫోన్ కలిపింది. అతను మెట్లు రెండేసి చొప్పున దిగి పరుగెత్తాడు. దారిలో ఉండగానే జేబులో ఫోన్ మోగింది.

"సర్, ఆ పెద్దది ఇంధనం చాలక పక్క ఊరికి మళ్ళిపోయింది."

"పోతే పోనీ," అన్నాడు. ఆ పూట అతనికి ఇంకెవరి కష్టమూ పట్టలేదు.

చిన్న విమానం తలుపు తెరుచుకుంది. "పెట్టె ఇటివ్వండి, త్వరగా!" అంటూ రెండు చేతులూ చాచాడు. పైలట్ వింతగా చూసి, ఒక పెట్టె అందించాడు. లోపలినుంచి ఏదో కుయ్యిమంది.

"కుక్కపిల్లండీ. మా అయ్యగారు ముచ్చటపడి తెప్పించుకున్నారు."

అతను పెట్టె కింద పెట్టేసి భార్యకు ఫోన్ చేశాడు. "చిన్నదన్నావు కదే!"

"అవునండీ, పెట్టె చిన్నదేనట. మూడొందల మంది ఎక్కిన విమానంలో డాక్టరుగారు ఒళ్ళో పెట్టుకుని తెస్తున్నారట. దిగిందా అండీ?"