ఎత్తని గేటు

“ఇంకోసారి చెప్తున్నా, గేటు ఎత్తండి,” అన్నాడు టోర్‌గ్రిమ్ కారు అద్దం కొంచెం దించి. ఆ సందులోంచే మంచు లోపలికి విసిరికొట్టింది.

“ఎత్తను,” అన్నాడు కొండదారి గేటు కాపలా ఆస్గేర్. అరవై దాటిన మనిషి. వాకీటాకీ చెవికి అదుముకుని, కొండ వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఈస్టర్ సెలవులకని కారు వెనక చక్రాల ఇల్లులాంటి కారవాన్ తగిలించుకుని కొండలకు వచ్చారు టోర్‌గ్రిమ్, అతని భార్య సోల్‌ఫ్రిడ్. మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోను. కొండకు అవతల టోర్‌గ్రిమ్ తల్లి ఆఖరి ఘడియల్లో ఉంది, వెంటనే రమ్మన్నారు. కొండ మీద పొద్దుటి నుంచే తుఫాను. అలాంటప్పుడు మంచు తోసే లారీ ముందు నడుస్తుంది, కార్లు దాని తోక పట్టుకుని వరసగా కనుమ దాటాలి. కారవాన్లను మాత్రం ఆ వరసలోకి రానివ్వరు. గాలికి అట్టపెట్టెల్లా పల్టీ కొడతాయి. ఆ సంగతి టోర్‌గ్రిమ్‌కు తెలియంది కాదు.

“సరే, కారవాన్ విప్పి ఇక్కడే పారేస్తాను. ఉత్త కారుతో పోనివ్వండి.”

“కార్లు కూడా ఆపేశాం. లారీ పైకెళ్లింది. అది దిగొచ్చేదాకా ఎవరూ కదలరు.”

“మా అమ్మ చచ్చిపోతోందయ్యా!”

“విన్నాను. కార్లో కూర్చో.”

టోర్‌గ్రిమ్‌కు ఒళ్లు మండింది. కిందికి దిగి తలుపు దభాలున వేశాడు. మర్యాద కాస్తా మంటగలిసింది.

“పొద్దున ఒక కారవాన్‌ని వదిలావట! పెట్రోలు బంకులో అందరూ అదే చెప్పుకుంటున్నారు. మాకేనా నీ రూల్సు?”

ఆస్గేర్ కొండ మీంచి చూపు తిప్పలేదు. “వదిలాను.”

“ఏం ముట్టింది నీకు? సారా సీసానా?”

ఆస్గేర్ వాకీటాకీని ఇంకా గట్టిగా చెవికి అదుముకున్నాడు.

“మాట్లాడవేం? ఆ డబ్బాలో ఎవరితో కబుర్లు? నీకూ అయినవాళ్లుంటే తెలిసేది!”

“అరవకు. వినపడట్లేదు,” అని ఆస్గేర్ వీపు తిప్పేశాడు.

“మనిషి కాదది, బండరాయి. దాంతో నీకేంటి, వచ్చి కూర్చో,” అంది సోల్‌ఫ్రిడ్.

కూర్చున్నాడు గానీ ఊరుకోలేదు. ఇంజను స్టార్ట్ చేసి, గేటు చివర ఉన్న సందులోంచి దూరబోయాడు. ఆస్గేర్ పరుగెత్తుకొచ్చి బానెట్ మీద రెండు చేతులూ ఆనించి అడ్డం నిలబడ్డాడు.

“తొక్కించు. నన్ను తొక్కించుకునే పో. నేను బతికుండగా ఇంకో బండి పైకి పోదు.”

“పిచ్చి వెధవా!” అని అరిచాడు టోర్‌గ్రిమ్. ఇంజను ఆపి స్టీరింగ్ మీద తల వాల్చాడు. కన్నతల్లి కడచూపు ఈ కఠినాత్ముడి వల్ల దక్కకుండా పోతోందని కసికొద్దీ ఏడ్చాడు.

చీకటి పడుతుండగా లారీ పసుపు దీపం కొండ దిగింది. టోర్‌గ్రిమ్ ఎదురు పరుగెత్తాడు. డ్రైవరు అతన్ని దాటుకుని నేరుగా ఆస్గేర్ దగ్గరికి వెళ్లాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“కారవాన్ దొరికింది. లోయలో, కారుతో సహా. ప్రాణం లేదు.”

ఆస్గేర్ వాకీటాకీని చెవి మీద నుంచి దించాడు.

“చూశావా నీ సారా సీసా ఎంత పని చేసిందో!” అన్నాడు టోర్‌గ్రిమ్.

డ్రైవరు అతని వైపు తిరిగాడు.

“అందులో వెళ్లింది ఈయన కొడుకయ్యా.”